మాటలేని గొంతు, గొంతులేని పాఠం: ఖోమేయ్ అభ్యాసం – తెలుగు జానపద పరిశోధనకు ఒక ప్రశ్న

వ్యాస సంగ్రహం

ఒకే గొంతు నుంచి ఒకేసారి రెండు స్వరాలు వినిపించే గానపద్ధతిని నేర్చుకోవడం గురించి రెండు వాదాలు ప్రచారంలో ఉన్నాయి. అది కేవలం అవయవ నైపుణ్యమనీ, భాషతో నిమిత్తం లేకుండా ఎవరైనా నేర్వవచ్చనీ మొదటి వాదం. అది పుట్టిన నేలవారికి తప్ప అన్యులకు అబ్బదని రెండో వాదం. ఈ రెండూ నిలవవని తువా దేశపు ఖోమేయ్ ఆధారంగా ఈ వ్యాసం వాదిస్తుంది. ధ్వనిని తీసుకొని మాటను వదిలే అభ్యాసకుడి పొరపాటూ, మాటను తీసుకొని ధ్వనిని వదిలే తెలుగు జానపద పరిశోధకుడి పొరపాటూ ఒకే మూలం నుంచి పుట్టినవని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అతిస్వరగానం, ఖోమేయ్, తువా, అచ్చులు, జానపద గేయం, మౌఖికత, క్షేత్ర పరిశోధన.

1. ప్రస్తావన

దక్షిణ సైబీరియాలో, మంగోలియాకు ఉత్తరపు సరిహద్దున తువా ఉంది. 1921 నుంచి 1944 వరకు పేరుకు స్వతంత్ర గణరాజ్యంగా ఉండి, 1944లో సోవియట్ యూనియన్‌లో కలిసింది. నేడు రష్యా సమాఖ్యలో ఒక గణరాజ్యం. యెనిసేయ్ నది ఎగువ పాయలు రెండూ కలిసే చోట దాని రాజధాని కిజిల్ వెలసింది. గుర్రాలు, గొర్రెలు, జడలబర్రెలు మేపుకొనే ఈ ప్రజల గానపద్ధతికి ఖోమేయ్ అని పేరు. ఆ మాటకు అర్థం గొంతు. గాయకుడు ఒక మంద్రస్వరాన్ని ఆపకుండా పట్టి ఉంచి, దానిపైన ఈల వంటి మరొక స్వరంతో పాట నడిపిస్తాడు. గాయకుడు ఒక్కడే, వినేవారి చెవికి మాత్రం ఇద్దరు.

ఈ విద్య గత నలభై ఏళ్ళలో ప్రపంచమంతటా పాకింది. దానితోపాటు ఒక అభిప్రాయమూ పాకింది. ఖోమేయ్ అంటే నాలుకను ఎక్కడ ఆనించాలో, గొంతును ఎంత బిగించాలో తెలుసుకోవడమేననీ, తక్కినదంతా అలంకారమనీ ఆ అభిప్రాయ సారాంశం. శ్వాసధ్యాన శిబిరాలలోనూ, స్వయంశిక్షణ పాఠాలలోనూ ఇదే బోధ. తువా భాషలో ఒక్క మాట రాకుండానే తువా పాట వచ్చేసిందనుకొనేవారు ఈ బోధ ఫలితం.

తెలుగుశాఖల పత్రికలో ఈ చర్చకు చోటెందుకు అన్న ప్రశ్న సహజం. తువా పాటకూ తెలుగు పాటకూ చుట్టరికం కలపడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. అలాంటి చుట్టరికం లేదు. పాటను ధ్వనిగానూ మాటగానూ చీల్చి, ఒక ముక్కను పట్టుకొని మొత్తం చేతికి వచ్చిందనుకొనే దృష్టి రెండు చోట్లా ఒకటే. ఎదుటివారి పాట విషయంలో ఆ దృష్టిని గుర్తుపట్టడం సులభం. అందుకే ముందుగా ఖోమేయ్ వద్దకు వెళ్ళడం.

2. గొంతులో జరిగేదేమిటి?

ఖోమేయ్‌ను మాయగా వర్ణించేవారూ, కేవలం యంత్రశాస్త్రంగా తేల్చేసేవారూ ఒక మౌలిక విషయాన్ని మరచిపోతారు. ఇందులో జరిగే పని ప్రధానంగా అచ్చుల పని. అంటే భాష చేసే పనే.

నాదతంత్రులు సెకనుకు 150 సార్లు కంపిస్తే 150 హెర్ట్జ్‌ల ప్రాథమిక స్వరం పుడుతుంది. దానితోపాటు 300, 450, 600 హెర్ట్జ్‌ల వద్ద దాని గుణిజాలూ పుడతాయి. వీటిని భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు అనుస్వరాలు అంటాయి. వ్యాకరణంలోని అనుస్వారంతో ఈ మాటకు సంబంధం లేదు. ప్రాథమిక స్వరానికి పైన ఉన్నవాటికే అతిస్వరాలని పేరు. మాట్లాడే ప్రతి మనిషి గొంతులోనూ ఇవన్నీ ఉంటాయి. వీటిలో కొన్నింటిని నోటి కుహరం బలపరుస్తుంది, కొన్నింటిని అణచివేస్తుంది. ఇలా బలపడే ప్రాంతాలను ధ్వనిశాస్త్రం ఫార్మంట్లు అంటుంది. ‘ఊ’ ‘ఊ’గానూ, ‘ఈ’ ‘ఈ’గానూ వినిపించడానికి కారణం ఫార్మంట్ల స్థానభేదమే. ఒకే శ్రుతిలో నిలిచి ‘ఊ’ నుంచి ‘ఈ’ వైపు నోటిని అతి నెమ్మదిగా జరిపితే, రెండో ఫార్మంటు పైకి జరుగుతూ ఒక్కొక్క అనుస్వరాన్నీ తాకుతూ పోతుంది. శ్రద్ధగా వింటే మెట్లు మెట్లుగా ఎక్కే సన్నని ధ్వని వినిపిస్తుంది. అతిస్వరగానానికి తొలిపాఠం ఇదే.

తువా గాయకులు ఇక్కడితో ఆగరు. 2020లో ‘ఈలైఫ్’ పత్రికలో వెలువడిన పరిశోధన హూన్-హూర్-తూ బృందపు గాయకుల ధ్వనులను విశ్లేషించింది. వారు రెండో, మూడో ఫార్మంట్లను ఒకదాని దగ్గరికి ఒకటి తెచ్చి, దాదాపు 1 నుంచి 2 కిలోహెర్ట్జ్‌ల నడుమ ఒకే ఇరుకైన శిఖరంగా మలుస్తున్నారని అది చూపింది. అక్కడ పడిన అనుస్వరం చుట్టూ ఉన్నవాటిని మించి మోగి, వేరే స్వరంగా చెవికి వినిపిస్తుంది. సిగిత్ అనే శైలిలో నాలుక అంచులు పై దవడకు అతుక్కొని, పక్కన చిన్న సందు మాత్రమే మిగులుతుంది. కర్గిరా శైలిలో నాదతంత్రులకు పైనున్న మిథ్యా నాదతంత్రులు సగం వేగంతో కంపించి, ప్రాథమిక స్వరానికి ఒక స్థాయి కిందనున్న ధ్వనిని కలుపుతాయి.

గాయకులు అన్ని అనుస్వరాలనూ వాడరు. సాధారణంగా 6, 8, 9, 10, 12 వాటితో పాట కడతారు. 7, 11 వాటిని దాటిపోతారు. కర్ణాటక సంగీత పరిభాషలో ఇవి వరుసగా పంచమం, షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, పై పంచమం. ఏడో అనుస్వరం గొంతులో లేక కాదు, తువా చెవికి అది పాటలో భాగం కాదు గనుక దాన్ని వదిలేస్తారు. భౌతికశాస్త్రం అన్నింటినీ సమానంగా ఇస్తుంది. ఏది స్వరమో, ఏది కాదో నిర్ణయించేది సంప్రదాయం. ఈ ఒక్క వాస్తవం చాలు, ఇది కేవలం అవయవ నైపుణ్యమన్న వాదం బీటలు వారడానికి.

భారతీయ సంగీతానికీ ఈ ధ్వని కొత్తది కాదు. తంబుర మంద్రషడ్జపు తీగను మీటితే అంతర గాంధారం తనంత తాను పలుకుతుంది. 1550లో, విజయనగరంలో అళియ రామరాయల కాలంలో రామామాత్యుడు రచించిన ‘స్వరమేళకళానిధి’లో స్వయంభూ స్వరాల ప్రసక్తి ఉంది. తీగలో దాన్ని విన్న సంప్రదాయం గొంతులో దాన్ని ప్రత్యేక కళగా పెంచలేదు. చెవికి తెలిసిన ప్రతిదీ పాట కాదనడానికి ఇదొక నిదర్శనం.

3. ‘నైపుణ్యం ఒక్కటే చాలు’ అన్న వాదం

ఈ వాదానికి బలం లేకపోలేదు. వియత్నాంలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన త్రాన్ క్వాంగ్ హాయ్ జీవితమంతా ఈ గానాన్ని బోధించాడు. ‘ల’కార స్థానంలో నాలుకను ఉంచి నోటిని రెండు కుహరాలుగా విభజించడం ఆయన చూపిన సులభమార్గం. 1989లో హ్యూగో జెంప్‌తో కలిసి చేసిన చిత్రంలో ఎక్స్‌రే దృశ్యాలతో ఆ కదలికలు చూపించాడు. ‘ళ’ను నిత్యం పలికే తెలుగువారి నాలుకకు ఈ స్థానం ఏమంత దూరం కాదు. మొదటి అతిస్వరాన్ని వినిపింపజేయడానికి ఏళ్ళు పట్టవు. తువా వారి గొంతు నిర్మాణంలో జన్మతః ఏదో ప్రత్యేకత ఉందన్న భ్రమను ఇటువంటి బోధకులు తొలగించారు. అది మేలే.

పాశ్చాత్య స్వరకర్తలు ఈ ధ్వనితో కొత్త కళ సృష్టించిన మాటా నిజమే. స్టాక్‌హౌజెన్ 1968లో ఆరు గొంతుల కోసం ‘ష్టిమ్ముంగ్’ రచించాడు. డేవిడ్ హైక్స్ 1975లో న్యూయార్క్‌లో హార్మోనిక్ కాయిర్‌ను నెలకొల్పాడు. ఇవి తమ పేరుతో తాము నిలిచిన రచనలు. ఒక ధ్వనిపై ఏ జాతికీ గుత్తాధిపత్యం ఉండదు గనుక వీటిని తప్పుపట్టవలసిన పని లేదు.

అభ్యంతరం మరొకచోట ఉంది. అతిస్వరం పలికించడం నేర్చుకొని దాన్ని ఖోమేయ్ అనడం, దానిపైన ‘ప్రాచీన షామానుల రహస్యవిద్య’ అన్న చీటీ అంటించి అమ్మడం, మాటలు లేవు గనుకనే అది విశ్వజనీనమని కీర్తించడం — ఇవి అభ్యంతరకరం. ఇక్కడ జరిగే తప్పు పేరుకు సంబంధించింది మాత్రమే కాదు. భాష ఉన్న ప్రజలను భాష లేనివారిగా చూపే తప్పు అది. వారి గొంతు వాగుతో, గాలితో, గుర్రపు డెక్కల చప్పుడుతో సమానమై, వారు చెప్పే మాట మాత్రం వినబడకుండా పోతుంది. ప్రకృతికి దగ్గరివారన్న పొగడ్త వెనుక మాటకు దూరమైనవారన్న భావం నక్కి ఉంటుంది. గిరిజన గానాన్ని గురించి తెలుగునాట రాసిన వ్యాసాలలోనూ ఈ పొగడ్త తరచు కనబడేదే.

4. ఖోమేయ్‌లో మాట స్థానం

తువా పాట మాటలేనిది కాదు. గాయకుడు ముందు చరణాన్ని మాటలతో పాడి, దాని చివర అతిస్వరాల ఆలాపనలోకి వెళ్ళడం పరిపాటి. కర్గిరాలోనైతే ఆ గరగర ధ్వనిలోనే మాటలు పలుకుతారు. నాలుగు పంక్తుల చరణాలు, పంక్తుల మొదట ఒకే ధ్వని పునరుక్తం కావడం ఆ పద్యానికి లక్షణాలు. ద్వితీయాక్షర ప్రాసకు అలవాటుపడిన తెలుగు పాఠకుడికి ఆద్యక్షర నియమం గల ఈ చరణం పోలికలోనూ తేడాలోనూ ఆసక్తి కలిగించేదే. వస్తువు తరచుగా పుట్టిన చోటు, నది, గుర్రం, ప్రియురాలు.

శైలుల పేర్లు సైతం బతుకులోంచి వచ్చినవే. ఎజెంగి అంటే గుర్రపు జీనుకు వేలాడే రికాబు. స్వారీలో పాదం రికాబును తాకే లయను గొంతులో పలికించేది ఎజెంగిలేర్. బోర్బాంనాడిర్ పేరులో దొర్లడం ఉంది. సిగిత్ పేరుకు ఈలతో సంబంధం. నైపుణ్యం మాత్రమే నేర్చినవాడు ఎజెంగిలేర్‌ను నోటి కంపనంగా నేరుస్తాడు. అది ఏ నడక లయో తెలియదు గనుక ఎక్కడ ఆపాలో, ఎక్కడ తొందరపెట్టాలో అతడికి అందదు.

సోవియట్ సంగీతశాస్త్రవేత్త అక్స్యోనోవ్ 1964లో ప్రచురించిన తువా జానపద సంగీత గ్రంథం ఈ శైలులను తొలిసారి వివరంగా నమోదు చేసిన వాటిలో ఒకటి. అమెరికన్ పరిశోధకుడు థియొడోర్ లెవిన్ 2006 నాటి తన గ్రంథంలో వినికిడి వైపు దృష్టి మళ్ళించాడు. తువా గాయకుడు రాగం కన్నా ముందు ధ్వని వన్నెను వింటాడనీ, పారే నీటి వద్ద, కొండల ఎదుట నిలిచి ఆ చోటు ధ్వనికి తన గొంతును జత చేస్తాడనీ ఆయన పరిశీలనల సారాంశం. అంటే నేర్చుకోవలసింది గొంతు కన్నా ముందు చెవి. చెవికి శిక్షణ ఇచ్చేవి రెండు: ఆ నేల, ఆ భాష. శిబిరాలలో ఈ రెండూ ఉండవు.

5. నిఘంటువు చేతబట్టిన అంధగాయకుడు

‘అన్యుడికి అబ్బదు’ అనేవారికీ, ‘భాష అక్కరలేదు’ అనేవారికీ ఒకేసారి సమాధానం చెప్పగల ఉదాహరణ పాల్ పెనా. శాన్‌ఫ్రాన్సిస్కోలో నివసించిన ఈ అంధ బ్లూస్ గాయకుడు 1984లో హ్రస్వతరంగాల రేడియో తిప్పుతుండగా మాస్కో ప్రసారంలో తువా గానం చెవిన పడింది. ఆ గానమేదో, ఎవరిదో తెలియదు. ఆ రికార్డు దొరికే సరికి ఏళ్ళు గడిచాయి. దొరికాక గురువు లేకుండా వినికిడితోనే కర్గిరాను సాధించాడు.

ఇంతవరకు ఈ కథను నైపుణ్యవాదులు తమకు అనుకూలంగా చెప్పుకుంటారు. తరువాతి భాగాన్ని వదిలేస్తారు. పెనా ధ్వనితో తృప్తి చెందలేదు. పాటలో మాటలకు అర్థం కావాలనుకున్నాడు. తువా నుంచి ఇంగ్లీషుకు నిఘంటువు దొరకలేదు. తువా–రష్యన్ నిఘంటువు ఒకటి, రష్యన్–ఇంగ్లీషు నిఘంటువు ఒకటి సంపాదించాడు. అచ్చు అక్షరాల ఆకారాన్ని వేలికొసకు తెలియజేసే ఆప్టకాన్ అనే పరికరంతో, ముందు తువా మాటకు రష్యన్ మాటను, దానికి మళ్ళీ ఇంగ్లీషు మాటను ఒక్కొక్క అక్షరమే తడుముకుంటూ వెతికాడు. 1993లో తువా గాయకుడు కొంగర్-ఓల్ ఒందార్ శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చినప్పుడు ఆయన ఎదుట కర్గిరా పాడాడు. 1995లో కిజిల్‌లో జరిగిన పోటీలో పాల్గొని కర్గిరా విభాగంలో గెలిచాడు. 1999లో వెలువడిన ‘జెంఘిస్ బ్లూస్’ చిత్రం ఆ ప్రయాణాన్ని నమోదు చేసింది.

ఈ విజయాన్ని గొంతు ఘనతగా మాత్రమే చదవడం అన్యాయం. అన్యుడి గొంతు ఆ ధ్వనిని అందుకోగలదని అది రుజువు చేసింది. దాన్ని పాటగా మార్చుకోవాలంటే భాష వద్దకు వెళ్ళక తప్పదని అంతే బలంగా రుజువు చేసింది. చూపులేని మనిషి రెండు నిఘంటువుల గుండా చేసిన ఆ నడకను, చూపూ వసతీ ఉన్నవారు అనవసరమని కొట్టివేయడం దబాయింపు తప్ప వాదం కాదు.

6. ‘మా గొంతు మాకే’ అన్న వాదం

రెండో వాదం సంప్రదాయం పేరుతో అడ్డుగోడ కడుతుంది. దీనికి గల న్యాయమైన కారణాన్ని ముందు గుర్తించాలి. చిన్న జాతుల కళను పెద్ద దేశాలు పంచుకొనే తీరు అనుమానానికి తావిచ్చేదే. 2009లో చైనా పేరిట, 2010లో మంగోలియా పేరిట ఖోమేయ్ యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. సంబంధిత ఒడంబడికలో రష్యా అప్పటికి చేరనందున తువా పేరు ఆ జాబితాకు ఎక్కలేదు. తమ గొంతు తమ పేరున లేదన్న బాధ తువా వారికి ఉంటే తప్పుపట్టలేము.

కాని గోడ కట్టినప్పుడు అది బయటివారినే ఆపదు. ముందుగా లోపలివారిని ఆపుతుంది. ఖోమేయ్ పాడితే స్త్రీ సంతానశక్తికి హాని కలుగుతుందన్న నమ్మకం తువాలో బలంగా ఉండేది. ఆ నిషేధాన్ని దాటి 1998లో చోదురా తూమాత్ స్త్రీల బృందం ‘తివా కిజి’ని స్థాపించింది. తువా కుమార్తెలని ఆ పేరుకు అర్థం. అంతకుముందే, 1980లలో, దక్షిణాఫ్రికాలో ఖోసా స్త్రీలు పాడే అతిస్వరగానం ‘ఉమ్‌న్గొకోలో’ను డేవిడ్ డార్గీ నమోదు చేశాడు. ఒకచోట స్త్రీలకు నిషిద్ధమైనది మరొకచోట స్త్రీల సొత్తు. కనుక నిషేధానికి మూలం శరీరంలో లేదు, కట్టుబాటులో ఉంది. శరీరాన్ని సాకుగా చూపి కట్టుబాటును కాపాడుకొనే అలవాటు తెలుగు సమాజానికీ బాగా తెలిసిందే.

అన్నింటినీ ‘గొంతుపాట’ అనే ఒకే మూటలో కట్టడమూ ఈ గందరగోళంలో భాగమే. ఇనూయిట్ స్త్రీలు ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ఆడే గొంతు ఆట కతజ్జాక్. ఉచ్ఛ్వాస నిశ్వాసాల జోడింపే అందులో ప్రధానం. అతిస్వర రాగం కాదు. టిబెటన్ గ్యూతో, గ్యూమే మఠాల మంద్రపఠనం అనుష్ఠానంలో భాగం, వినోదం కాదు. గ్యూమే మఠం నేడు కర్ణాటకలోని హుణసూరు సమీపంలో ఉంది. ఆ పఠనాన్ని దగ్గరగా వినదలచిన తెలుగు పరిశోధకుడు సైబీరియా దాకా వెళ్ళనక్కరలేదు. పరిభాషలోనూ ఈ జాగ్రత్త అవసరం. పాటలన్నీ గొంతులోంచే వస్తాయి గనుక ‘గళగానం’ అన్న అనువాదం ఏమీ చెప్పదు. సాధారణ ప్రక్రియకు ‘అతిస్వరగానం’ అనీ, ఆయా సంప్రదాయాలకు వాటి సొంత పేర్లే ఉంచాలనీ ఈ వ్యాసం సూచిస్తుంది.

7. తెలుగు జానపద పరిశోధన: అదే పొరపాటు తలకిందులుగా

ఇప్పుడు అసలు ప్రశ్న. మాటను వదిలి ధ్వనిని ఎత్తుకుపోయే శిబిరాల అభ్యాసకుణ్ణి చూసి నవ్వుకొనే అర్హత తెలుగుశాఖలకు ఉందా?

బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’తో విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ రంగానికి దారి వేశారు. ఆ తరం సేకర్తలకు చెవి, కలం తప్ప వేరే సాధనం సులభంగా అందుబాటులో లేదు. వారు కాగితం మీదికి ఎక్కించిన పాటలు లేకుంటే నేడు చాలా పాటలకు ఆనవాలే మిగిలేది కాదు. వారిని తప్పుపట్టడం కృతఘ్నత. తప్పుపట్టవలసింది సాధనాలు చేతికి వచ్చాక కూడా ఆ పరిమితినే పద్ధతిగా నిలుపుకొన్న తరువాతి అలవాటును.

సిద్ధాంత గ్రంథాల అనుబంధాలను తిరగేస్తే సాధారణంగా కనబడేది ఇది: పాట పాఠం, వక్త పేరు, వయసు, కులం, ఊరు. ఆమె ఎంత శ్రుతిలో పాడింది, ఎక్కడ ఊపిరి తీసింది, వంత ఎవరు అందుకున్నారు, ఏ అచ్చును ఎంతసేపు సాగదీసింది — ఇవేవీ ఉండవు. బతుకమ్మ పాటలో ప్రతి పాదం చివరా వచ్చే ‘ఉయ్యాలో’ మొదటి పాదంలో ఒకసారి అచ్చవుతుంది. ఆపైన రెండు నిలువు గీతల నడుమ సంకేతంగా మిగులుతుంది, లేదా మాయమవుతుంది. అర్థం లేదు గనుక అది అనవసరమన్నది దాని వెనుకనున్న తీర్పు. వలయంగా తిరిగే స్త్రీల అడుగునూ, చప్పట్లనూ, ఊపిరినీ కలిపి పట్టి ఉంచేది ఆ ఒక్క మాటే. దాన్ని కుదించిన అచ్చుపుటలో మిగిలేది కథాంశం, పాట కాదు.

నష్టం ఇంతటితో ఆగదు. జానపద గేయం మాత్రాబద్ధం. పాడేటప్పుడు హ్రస్వాలు దీర్ఘమవుతాయి, దీర్ఘాలు తగ్గుతాయి, పాదాంతపు అచ్చు తాళం పూర్తయ్యేదాకా సాగుతుంది. గొంతును విడిచి అచ్చుపాఠానికి మాత్రలు లెక్కించే పరిశోధకుడికి అడుగడుగునా ‘గణభంగం’ కనిపిస్తుంది. చదువురాని గాయకురాలికి ఛందస్సు తెలియదని దయతో ఒక వాక్యం రాసి ముందుకు సాగుతాడు. లేదా ఒక అక్షరం చేర్చి సవరిస్తాడు. లోపం ఆమె గొంతులో లేదు, ఆయన రాతలో ఉంది. ఖోమేయ్‌లో అచ్చు సాగితేనే అతిస్వరం పుట్టినట్టు, పనిపాటలో అచ్చు సాగితేనే మాత్ర నిండుతుంది. రెండు చోట్లా ఛందస్సు నివసించేది గొంతులోనే.

గేయం విషయంలోనే ఇలా ఉంటే కథాగానం విషయం చెప్పనక్కరలేదు. జముకుల కథలో తీగ బిగువును మారుస్తూ పలికించే ధ్వని కథకుడి గొంతుతో సంభాషిస్తుంది. ఒగ్గుకథలో కథకుడి గొంతు వచనం నుంచి పాటలోకి జారే మలుపు వద్దే కథ ఉద్వేగం ఉంటుంది. అచ్చులో ఆ మలుపు ఒక పేరా మార్పుగా మిగులుతుంది.

ఇక్కడ మూడు అభ్యంతరాలు రావచ్చు. తెలుగుశాఖ సాహిత్యశాఖ, సంగీతశాఖ కాదన్నది మొదటిది. గొంతు సంగీతశాఖదీ, మాట సాహిత్యశాఖదీ అని పంచుకుంటే పాట ఏ శాఖకూ చెందకుండా పోతుంది. పైగా అచ్చుల నిడివి, ఉచ్చారణ స్థానం, మాత్ర — ఇవి భాషాశాస్త్రం, ఛందస్సు, తెలుగుశాఖ పాఠ్యాంశాలే. సాధనాలు లేవన్నది రెండోది. ప్రతి పరిశోధకుడి జేబులోనూ ధ్వనిని ముద్రించే ఫోన్ ఉంది. అచ్చు నిడివినీ ఫార్మంట్లనూ చూపే ‘ప్రాట్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మిల్మన్ ప్యారీ 1930లలో అల్యూమినియం పలకలు మోసుకొని యుగోస్లావియా గ్రామాలు తిరిగాడన్నది మౌఖిక సాహిత్య పాఠాలలో ప్రతి ఏటా చెప్పే విషయమే. ఆ పాఠం చెప్పే చోట ఈ సాకు చెల్లదు. పాఠం ఉంటే ఎప్పటికైనా పాడుకోవచ్చునన్నది మూడోది. ఇది అన్నింటికన్నా ప్రమాదకరం. విన్నవారు ఉన్నంతకాలమే పాఠం పాటగా మారుతుంది. చివరి గాయకురాలు కన్నుమూశాక అచ్చుపుట మీద మిగిలిన మాటలను ఏ శ్రుతిలో, ఏ నడకలో పాడాలో చెప్పేవారుండరు.

గొంతును వెంట తెచ్చుకున్నప్పుడు ఫలితం ఎలా ఉంటుందో తెలుగులోనే నిదర్శనం ఉంది. జీన్ రోగైర్ 1982లో ప్రచురించిన పల్నాటి వీరుల కథ అధ్యయనం ఒక కథాగాయకుడి ప్రదర్శనను ధ్వనిముద్రణ చేసి, దాని మీద నిర్మించినది. ఆ కథ గురించి అంతకుముందు ఉన్న చర్చలో ఎక్కువ భాగం కావ్యపాఠం చుట్టూ తిరిగింది. వీరవిద్యావంతుల నోట బతికిన కథను మరొక దేశపు పరిశోధకుడు టేపుతో వచ్చి వినవలసి రావడం తెలుగుశాఖలు గర్వించదగినదో, ఆలోచించదగినదో ఎవరికి వారు తేల్చుకోవాలి.

8. ముగింపు

ఖోమేయ్ నేర్చుకోవచ్చా అన్న ప్రశ్నకు సమాధానం: నేర్చుకోవచ్చు. ఏ శరీరానికీ, ఏ లింగానికీ, ఏ దేశానికీ అది నిషిద్ధం కాదు. కాని నాలుకను అంగిలికి ఆనించడంతో మొదలైన ఆ చదువు, ఆ నాలుక ఏ భాష పలుకుతుందో తెలుసుకొనే దాకా సాగాలి. మధ్యలో ఆగినవాడి వద్ద ఉండేది ధ్వని మాత్రమే.

ఇదే కొలతను తెలుగు పరిశోధనకూ వర్తింపజేయాలి. జానపద గేయంపై సమర్పించే ప్రతి సిద్ధాంత గ్రంథానికీ ధ్వనిముద్రణ అనుబంధంగా ఉండటం నియమం కావాలి. పాదాంతపు ఊతపదాలను కుదించకుండా, వంతను విడిగా చూపుతూ పాఠాన్ని అచ్చువేయాలి. ఛందోవిశ్లేషణ అచ్చుపాఠం మీద కాక పాడిన పాఠం మీద జరగాలి. వక్త సమ్మతితో సేకరించిన ధ్వనులు పరిశోధకుడి అలమారలో కాక శాఖ భాండాగారంలో, ఆ ఊరివారికీ అందుబాటులో ఉండాలి. ఈ నాలుగింటికీ ప్రత్యేక నిధులు, కొత్త శాఖలు అక్కరలేదు; పరిశోధన మండలి తీర్మానం ఒకటి చాలు.

రేడియోలో విన్న గొంతుకు మాట వెతుక్కుంటూ ఒక అంధగాయకుడు రెండు నిఘంటువులను వేళ్ళతో తడిమాడు. తెలుగు పరిశోధకుడి వద్ద మాట ఉంది; ఆ మాట పలికిన గొంతు పక్క ఊళ్ళోనే, ఇంకా పాడుతూ ఉంది. వెళ్ళి వినడమే మిగిలింది.